పక్కగా తగిలితేనే తెలిసింది

న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో 2000లో ‘రిక్’ అనే యంత్రం పని మొదలుపెట్టింది. దాని చుట్టుకొలత సుమారు 3.8 కిలోమీటర్లు. బంగారు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా గుద్దించేందుకు దాన్ని కట్టారు. ఆ తాకిడిలో పుట్టే వేడి దాదాపు 4 లక్షల కోట్ల డిగ్రీలు. ఆ వేడికి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగిపోయి, వాటిలో బందీలుగా ఉన్న క్వార్కులు, గ్లూవాన్లు కలగలిసి ‘ప్లాస్మా’ అనే పదార్థంగా మారతాయి. విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో ఎటు చూసినా ఈ పదార్థమే.

అంకెల మాటెలా ఉన్నా, ఇన్నేళ్లుగా నన్ను కట్టిపడేస్తున్నది ఈ శాస్త్రజ్ఞుల పనితనం. ఆ ప్లాస్మాను ఎవరూ చూడలేరు. పుట్టీ పుట్టగానే చల్లారి మామూలు కణాలైపోతుంది. డిటెక్టర్‌కు చేరేవి ఆ కణాలే. వాటిని బట్టే లోపల ఏం జరిగిందో రాబట్టాలి.

ఎలా రాబట్టారో చూడండి. కేంద్రకాలు కాస్త పక్కగా తగిలితే, రెండూ కలిసిన మేర బాదంపప్పు ఆకారంలో ఉంటుంది. లోపలున్నది వాయువైతే ఆ ఆకారంతో దానికి పనిలేదు, కణాలు అన్ని వైపులకూ సమానంగా ఎగిరిపోతాయి. ద్రవమైతే సన్నటి వైపు తోపు ఎక్కువ, అటే ఎక్కువ కణాలు వస్తాయి. కానీ ప్రతి తాకిడిలోనూ ఆ బాదం ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. ఆ దిశను కూడా వచ్చిన కణాల నుంచే పట్టుకోవాలి. ఇక్కడొక నియమం ఉంది, నాకు చాలా ఇష్టం: ఏ కణాన్ని కొలుస్తున్నారో దాన్ని దిశ లెక్కలోంచి తీసేస్తారు. లేకపోతే తనకు తానే సాక్ష్యం చెప్పుకున్నట్టవుతుంది.

వాయువు లాంటిదే ఉంటుందని చాలామంది అనుకున్నారు. తేలింది ద్రవం, అదీ జిగట దాదాపు లేనిది. రిక్‌లోని నాలుగు బృందాల్లో ఒకటైన ‘స్టార్’ కొలతలు మొదటి ఏడాదే ఇటు చూపాయి. అయినా తొందరపడలేదు. నాలుగు బృందాలూ ఎవరి లెక్క వారు సరిచూసుకుని 2005 ఏప్రిల్‌లో ప్రకటించాయి. ఆ ఓపిక ముందు నాకు ఆ ఫలితం కూడా చిన్నదే.

స్టార్‌లో ఫోటాన్లను లెక్కపెట్టిన పరికరం మన దేశంలో తయారైనదే. కోల్‌కతా సైక్లోట్రాన్ కేంద్రంతో పాటు భువనేశ్వర్, జైపూర్, జమ్మూ, చండీగఢ్ బృందాలు దాన్ని రూపొందించాయి.

2010లో సెర్న్ ప్రయోగశాలలో సీసం కేంద్రకాలు ఢీకొన్నప్పుడూ ద్రవమే కనిపించింది. 2012లో అక్కడే ఒంటరి ప్రోటాన్ సీసాన్ని తాకినా అలాంటి ప్రవాహపు జాడే కనిపించింది. అంత చిన్న చుక్క కూడా ద్రవమేనా, లేక ఆ జాడకు వేరే కారణముందా? ఆ వాదన ఇంకా తెగలేదు.