నాన్న ఇంటికొచ్చాక చెప్పాల్సిన ఆట

డోరిస్ కర్న్స్ గుడ్విన్ అనగానే అమెరికా అధ్యక్షుల జీవితచరిత్రలు గుర్తొస్తాయి. రూజ్‌వెల్ట్ దంపతుల మీద రాసిన పుస్తకానికి 1995లో పులిట్జర్ అందుకున్న చరిత్రకారిణి ఆవిడ. ఆ తర్వాత రెండేళ్ళకే, 1997లో, బేస్‌బాల్ పిచ్చి ఉన్న తండ్రి గురించీ, ఆ పిచ్చి అంటించుకున్న తన చిన్నతనం గురించీ ‘వెయిట్ టిల్ నెక్స్ట్ ఇయర్’ అనే జ్ఞాపకాల పుస్తకం రాసింది. నాకు బేస్‌బాల్ పెద్దగా ఎక్కదు. మూడు గంటల ఆటలో రెండున్నర గంటలు ఎవరో ఒకరు నేల మీద ఉమ్మేస్తూ నిలబడి ఉంటారనిపిస్తుంది. అయినా ఈ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను.

తండ్రి న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వంలో బ్యాంకుల తనిఖీ అధికారి. చిన్నప్పుడే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని, బ్రూక్లిన్‌లో పెరిగి, తర్వాత కుటుంబంతో లాంగ్ ఐలండ్‌లోని రాక్‌విల్ సెంటర్‌కి వచ్చి స్థిరపడ్డాడు. ఊరు మారినా జట్టు మారలేదు: బ్రూక్లిన్ డాడ్జర్స్. కూతురికి ఆరేళ్ళప్పుడు ఒక ఎర్ర అట్ట స్కోరు పుస్తకం కొనిచ్చి, ఆట వింటూ దాన్ని ఎలా నింపాలో నేర్పాడు. బేస్‌బాల్ స్కోరు రాయడం దాదాపు ఒక లిపి. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. 6-4-3 అని రాస్తే షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్ దగ్గరున్నవాడికి విసిరాడు, అతను మొదటి బేస్‌కి విసిరాడు, ఇద్దరు అవుటయ్యారు అని అర్థం. మూడు అంకెల్లో ఒక చిన్న కథ.

ఆటలు ఎక్కువగా మధ్యాహ్నం జరిగేవి. నాన్న ఆఫీసులో ఉంటాడు. పాప రేడియో ముందు కూర్చుని గళ్ళు నింపుతుంది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక ఆ పుస్తకం చూసుకుంటూ బంతి బంతికీ జరిగింది వర్ణిస్తుంది. తను చెప్పకపోతే నాన్నకి ఆ రోజు ఆట సంగతి ఎప్పటికీ తెలియదని ఆ పిల్ల నమ్మకం. మర్నాడు పేపర్లో అంతా వస్తుందని ఆయన చెప్పనే లేదు. మొదట్లో ‘గెలిచాం!’ అని ముందే అరిచేసేదట. కథకి ఆయువుపట్టు ఫలితాన్ని చివరిదాకా బిగబట్టడమేనని ఆ సాయంత్రాల్లోనే తెలుసుకుంది. చరిత్ర రాయడం అక్కడే నేర్చుకున్నానని గుడ్విన్ అంటుంది. నమ్మొచ్చు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించింది తండ్రి వైపు. ఆడే ఆటని ప్రేమించేవాళ్ళు చాలామంది. పేపర్లో వస్తుందని తెలిసీ, గంటసేపు ఒక ఆరేళ్ళ పిల్ల నోటి నుంచి దాన్ని వినగలిగేవాడు అరుదు. మనకి అభిమాని అంటే కటౌట్‌కి పాలాభిషేకం చేసేవాడు గుర్తొస్తాడు. ఈయన అభిమానమంతా చెవుల్లో ఉంది. మన ఆత్మకథల్లో నాన్న ఉద్యోగం ఉంటుంది, కోపం ఉంటుంది, ఉద్యమం ఉంటుంది. నాన్న సరదా ఎక్కడో గానీ కనబడదు. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ కామెంటరీ విన్న తరం గురించి ఇలాంటి పుస్తకం తెలుగులో ఎవరైనా రాస్తే బాగుండు.

డాడ్జర్స్ మంచి జట్టే, కానీ చివరి మెట్టు మీద జారిపడే జట్టు. 1941, 47, 49, 52, 53 – అన్నిసార్లూ వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ చేతిలోనే ఓడారు. 1951లో అక్కడిదాకా కూడా పోలేదు; బాబీ థామ్సన్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో జెయింట్స్ ఇంటికి పంపేశారు. ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనేది బ్రూక్లిన్ వాళ్ళ ఊతపదం అయిపోయింది. పుస్తకం పేరు అదే. 1955 అక్టోబర్ 4న ఏడో ఆటలో జానీ పోడ్రెస్ బంతులేసి యాంకీస్‌ని 2-0తో ఓడించిన రోజు గురించిన పేజీలు చదువుతుంటే ఆట తెలియని నాకే ఒళ్ళు ఝల్లుమంది.

పుస్తకంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. రోజెన్‌బర్గ్ దంపతుల మరణశిక్ష, లిటిల్ రాక్ బడి గొడవ వచ్చినప్పుడల్లా పిల్ల పక్కకి తప్పుకుని ప్రొఫెసర్ ముందుకొస్తుంది. జాకీ రాబిన్సన్ దగ్గర మాత్రం అలా కాదు. 1947లో తెల్లవాళ్ళ లీగుల్లో అడుగుపెట్టిన ఆ నల్లజాతి ఆటగాడు ఈ ఇంట్లో ముందు అభిమాన ఆటగాడు, తర్వాతే చరిత్ర.

అసలు చిక్కు తల్లితో. గుండె జబ్బుతో ఎక్కువగా ఇంటిపట్టునే ఉండే మనిషి. పుస్తకాలు చదివి వినిపించిందీ, తన చిన్ననాటి కథలు చెప్పిందీ ఆవిడే. కథ చెప్పే విద్యలో సగం వాటా ఆవిడది కావాలి. కానీ ఇన్నింగ్స్ లెక్కన నడిచే పుస్తకంలో ఆవిడకి గడి దొరకలేదు. డాడ్జర్స్ 1957 సెప్టెంబర్ 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో ఆఖరి ఆట ఆడారు. చూడ్డానికి వచ్చింది 6,702 మంది. ఆ తర్వాత జట్టు లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది. 1958లో తల్లి పోయింది. రచయిత్రికి పదిహేనేళ్ళు. ఈ రెండు పోవడాలూ పక్కపక్కనే రావడం కల్పన కాదు, జరిగిందే. అయినా జట్టు మీద దుఃఖం పదునుగా రాసినంతగా, అప్పుడు నాన్న ఎలా ఉన్నాడో రాయలేదనిపించింది. జట్టు పోయింది, భార్య పోయింది. అభిమాని అనే పొర తీసేస్తే మిగిలిన మనిషి ఎవరు? రోజర్ కాన్ 1972లో రాసిన ‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’లోనూ డాడ్జర్స్ పిచ్చి ఉన్న తండ్రి ఉన్నాడు. 1953లో ఆ తండ్రి పోయిన సంగతి దగ్గర కాన్ ఆగుతాడు, కాసేపు ఏమీ తోచనివాడిలా కూర్చుంటాడు. గుడ్విన్ తొందరగా లేచి వెళ్ళిపోతుంది.

చివర్లో ఆమె బాస్టన్ ప్రాంతానికి మారి, తన కొడుకుల్ని ఫెన్‌వే పార్క్‌కి తీసుకెళ్తూ రెడ్ సాక్స్ అభిమాని అవుతుంది. అదీ అలాంటి జట్టే. పుస్తకం వచ్చేనాటికి, 1918 తర్వాత ఒక్క వరల్డ్ సిరీస్ కూడా గెలవలేదు. 2004లో గెలిచారు.