ఇంటి మాటల్లో మాయ

‘మాయాబజార్’ సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఒకటి ఉంది. మూత తీసి చూసినవాళ్లకు తమకు అన్నిటికన్నా ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, ఆమె తల్లి రేవతికి నగలు, తండ్రి బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడి వంతు వచ్చేసరికి శకుని! ఎవరి మనసు ఎటుందో చెప్పడానికి మరొకరైతే నాలుగు సీన్లు రాసేవారు. రచయిత పింగళి నాగేంద్రరావు ఒక్క పెట్టెతో ఆ పని కానిచ్చేశారు. రాబోయే సంబంధం ఎందుకు చెడుతుందో, ఆ గొడవలో ఎవరు ఎవరి పక్షమో అంతా అక్కడే తెలిసిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం కథ చెబుతున్నట్టే అనిపించదు. ఇంటిల్లిపాదీ చేరి వేడుక చూస్తున్నట్టు ఉంటుంది.

నాకు రాయడం నేర్పింది ఇలాంటి చోట్లే. మాయ ఒక్కటి చాలు. దాని చుట్టూ ఉన్నదంతా మనం రోజూ చూసే సంసారమే అయి ఉండాలి.

ఈ పద్ధతి ఒక్క సినిమాతో పుట్టింది కాదు. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. జనం నోళ్లలో నాని, సురభి వారి నాటకాల్లో ఊరూరా తిరిగిన కథ అది. అందుకే అందులో దేవుళ్లూ రాక్షసులూ మన పెళ్లిళ్లలో చుట్టాలు మాట్లాడినట్టే మాట్లాడతారు. రేవతి కలిగినవాళ్ల సంబంధం వైపు మొగ్గే తల్లి. సుభద్ర, ఇచ్చిన మాట తప్పుతారా అని పుట్టింటివాళ్లను నిలదీసే ఆడపడుచు. ఇక పాండవులైతే సినిమా మొత్తం మీద ఒక్కసారి కూడా తెరమీదకు రారు! రాజ్యం పోయిన బాధనంతా తప్పిపోతున్న ఒక పిల్ల సంబంధంలో పెట్టి చెప్పారు. 1957లో అగ్రతారలతో తీసిన పౌరాణికంలో అలా చెయ్యడానికి ఎంత నమ్మకం ఉండాలి!

ఆ తేలికదనం ఊరికే రాలేదు. దర్శకుడు కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ దగ్గర పెట్టుకుని, ఏ సీను ఎంతసేపు నడవాలో షూటింగుకు ముందే లెక్క కట్టుకునేవారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దీపాలతో వెన్నెల కాయించారు. కానీ ఆ కెమెరా గారడీ అంతా ఒక ఎత్తు, సావిత్రి ఒక్కరూ ఒక ఎత్తు. మాయాశశిరేఖ పైకి ఆడపిల్ల, లోపల ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడు. వేషం మారదు. ఎవరూ లేనప్పుడు అడుగు బరువెక్కుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, కనుబొమ ఎగురుతుంది. ఎవరో వస్తున్న అలికిడి కాగానే మళ్లీ సిగ్గు. ఒకే మనిషిలో ఇద్దర్ని చూపడం ఎలాగో తెలుసుకోవాలనుకునే కథకుడు ఆ ఘట్టాన్ని మాట తీసేసి, బొమ్మ మాత్రమే పెట్టుకుని చూడాలి.

‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణిల చేతుల మీదుగానే 1947 జులైలో పిల్లల పత్రిక ‘చందమామ’ వచ్చింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక వచనాన్ని తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. ‘చదువు’ నవల రాసిన హేతువాది, మార్క్సిస్టు ఆలోచనలున్న మనిషి, రాక్షసుల కథలకూ మంత్రగత్తెల కథలకూ అన్నేళ్లు కాపలా కాశారంటే, పిల్లల ఊహాశక్తిని ఆయన ఎంత గౌరవించారో తెలుస్తుంది. చందమామ వాక్యం చిన్నది, విశేషణాల బరువు లేనిది. రాక్షసుడు భయంకరంగా ఉన్నాడని చెప్పదు. వాడు ఏం చేశాడో చెప్పి ఊరుకుంటుంది. భయపడే పని మనదే.

పాత బేతాళ కథలు పాతికే. చందమామ ఆ చట్రాన్ని తీసుకుని దశాబ్దాల పాటు నెలనెలా కొత్త కథ అల్లించింది. అందులో కిటుకంతా బేతాళుడు విక్రమార్కుణ్ని అడిగే చివరి ప్రశ్నలో ఉంది. జవాబు కథలో ఎక్కడా రాసి ఉండదు, కానీ కావలసిన ఆధారాలన్నీ ఉంటాయి. విక్రమార్కుడు నోరు విప్పేలోగా పిల్లలు పేజీ మీద వేలు పెట్టి ఆగి, తమ తీర్పు తాము చెప్పుకునేవారు. చిత్రకారుడు శంకర్ గీసిన శ్మశానం, భుజాన శవం, చేతిలో కత్తి ఎప్పుడూ అవే. బొమ్మ మారకపోవడమే ధైర్యం. ఎంత వింత కథకైనా అక్కణ్నుంచే బయల్దేరవచ్చు.

సీరియళ్లు మరో రుచి. ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’... ప్రతి నెలా సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోటే ఆపేవారు. అయినా ముందు నెలలో పడ్డ ముడి వచ్చే నెలలో కాకతాళీయంగా విడిపోదు. పాత్ర తెలివితోనే విడుతుంది. పాఠకుణ్ని మోసం చెయ్యకుండా ఉత్కంఠ నిలపడం కష్టమైన విద్య. దాన్ని ఏళ్ల తరబడి సాధించిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ పేజీల్లో కనిపించేది కాదు. బొమ్మ మూలన ‘చిత్రా’ సంతకాన్ని గుర్తుపట్టే పిల్లలకు, ఆ బొమ్మకు కథ ఇచ్చిందెవరో తెలియదు. ఇప్పుడవి ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. కథలు రాద్దామనుకునే కుర్రవాళ్లు ఎవరొచ్చి అడిగినా, ముందు ‘రాకాసిలోయ’ తెచ్చుకుని, ప్రతి అధ్యాయం ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోమంటాను.