యాత్ర, విహారం, నివాసం: పాపికొండల గోదావరి వర్ణనలో మారిన చూపు

ప్రస్తావన

తూర్పు కనుమలను చీల్చుకొని గోదావరి మైదానంలోకి అడుగుపెట్టే దారి పాపికొండలు. కూనవరం దగ్గర శబరిని కలుపుకొన్న నది ఆ కొండల నడుమ ఇరుకై, లోతై, వంపులు తిరిగి, పోలవరం దాటాక మళ్ళీ విశాలమవుతుంది. తెలుగువారి సెలవుదినాల ఊహలో ఈ దారికి ఉన్న స్థానం మరే నదీభాగానికీ లేదు. ఉదయం లాంచీ ఎక్కి, పేరంటపల్లి శివాలయం చూసి, కొల్లూరు ఇసుక తిన్నెల మీది వెదురు గుడిసెల దగ్గర ఆగి, సాయంత్రానికి తిరిగివచ్చే ప్రయాణం ఇప్పుడొక స్థిరమైన రూపం. ఈ రూపాన్ని పర్యాటక వ్యాపారం ఒక్కటే తయారుచేయలేదు. దాని వెనుక సాహిత్యంలోనూ సినిమాలోనూ ఏర్పడిన ఒక చూపు ఉంది. ఆ చూపు ఎలా ఏర్పడింది, అందులో ఎవరు మిగిలారు, ఎవరు తొలగిపోయారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

‘పాపికొండలు’ అన్న పేరుకు ‘పాపిడి కొండలు’ మూలమని జనవ్యుత్పత్తి. రెండు వైపులా ఒత్తైన అడవి, నడుమ తెల్లని నీటి గీత, స్త్రీ తల మీది పాపిడిని తలపిస్తాయన్నది దాని భావం. ఈ వ్యుత్పత్తి శాస్త్రీయతను అలా ఉంచి, అందులోని దృష్టికోణాన్ని గమనించాలి. ఆ పోలిక నది మధ్యనున్న పడవలో నిలబడి ఎదురుగా చూసేవారికి తోస్తుంది. కొండవాలులో పోడు కొట్టుకొనేవారికి, రేవులో నీళ్ళు ముంచుకొనేవారికి నది పాపిడిగా కనిపించే అవకాశం తక్కువ. పేరును వివరించే కథలోనే చూసేవారి స్థానం పడవలో ఖాయమైపోయింది.

ప్రబంధాల్లో చూసేవాడు, ఉండేవాడు

కొండలనూ నీళ్ళనూ చూడబోవడం తెలుగు కావ్యానికి కొత్త కాదు. అష్టాదశ వర్ణనల్లో శైలవర్ణన, సలిలక్రీడ ఉన్నాయి. అందువల్ల ప్రబంధాల్లోని ప్రకృతిని కేవలం వర్ణనాంగంగా లెక్కించి విడిచిపెట్టడం పాఠ్యబోధనలో అలవాటైంది. రెండు ప్రధాన ప్రబంధాల కథాభాగాలను ఈ దృష్టితో తిరిగి చదివితే ఆ లెక్క సరిపోదని తెలుస్తుంది.

మనుచరిత్రలో ప్రవరుడు తెలుగు సాహిత్యంలోని తొలి విహారయాత్రికుల్లో ప్రముఖుడు. దేశాలు చూసివచ్చిన సిద్ధుడి మాటలు విని అతడికి హిమాలయం చూడాలనిపించింది. పాదలేపం సాయంతో వెళ్ళి, చూసి, నిత్యకృత్యాల వేళకు ఇల్లు చేరడం అతడి ఉద్దేశం. ఒక్క రోజులో వెళ్ళి రావాలన్న ఈ ప్రణాళిక నేటి లాంచీ ప్రయాణానికి ఎంతో దగ్గర. అయితే మంచునీటికి లేపం కరిగిపోయింది. తిరుగుదారి లేదు. అప్పుడు ప్రవరుడు ఆ కొండ మీద నివసించే స్త్రీని దారి అడగవలసివచ్చింది. అంతవరకు దృశ్యంగా ఉన్న హిమాలయం అక్కడి నుంచి ఒకరి నివాసస్థలమైంది. పెద్దన కథను మలుపు తిప్పింది ఈ చోటనే.

ఆ తరువాతి పరిణామం మరింత గమనించదగినది. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి క్షేమంగా ఇల్లు చేరాడు. ఆ రాకపోకల ఫలితం కొండ మీద మిగిలిన వరూధినికి దక్కింది. విరహమూ మాయాప్రవరుడి మోసమూ ఆమె అనుభవించినవే. వచ్చినవాడికి అది ఒక దినం, ఉన్నవారికి జీవితం. ప్రవరుడి నియమనిష్ఠల మీద, వరూధిని శృంగారం మీద ఎంతో విమర్శ వచ్చింది. చూడవచ్చినవాడికీ అక్కడ ఉండేవారికీ మధ్య పెద్దన చూపిన ఈ అసమానత కూడా అంతే ప్రధానమైన పఠనానికి తగినది.

వసుచరిత్రలో నదీ పర్వతాలే పాత్రలు. కోలాహల పర్వతం శుక్తిమతీ నదిని మోహించి అడ్డగించింది. వసురాజు ఆ కొండను కాలితో తొలగించి నదికి దారి ఇచ్చాడు. ఆ నదీ పర్వతాల కూతురు గిరిక. ఆమెను రాజు చూసింది విహారానికి వెళ్ళిన ఆ కొండ దగ్గరనే. ఇక్కడ కొండా నదీ ఒక కుటుంబం. విహారానికి వచ్చిన రాజు ఆ కుటుంబానికి అల్లుడైనాడు. భూభాగంతో చుట్టరికం కలపకుండా భట్టుమూర్తి వసువును వెనక్కి పంపలేదు.

కిన్నెరసాని: చూపరికి చోటులేని నది

భద్రాచలం ప్రాంతపు కొండల్లో నడిచి గోదావరిలో కలిసే కిన్నెరసానిని విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ తెలుగువారందరికీ పరిచయం చేశాయి. అత్తతో పొసగక ఇల్లు విడిచిన కోడలు భర్త కౌగిట్లోనే కరిగి నదియైపోవడం, అతడు రాయిగా మారడం, ఆమెను సముద్రుడు కోరడం, గోదావరి తల్లిలా అక్కున చేర్చుకోవడం ఆ కావ్యకథ. ఇందులో దూరాన నిలబడి నదిని ఆస్వాదించే చూపరి లేడు. ప్రతి వంపుకూ ఒక కారణం, ప్రతి గలగలకూ ఒక దుఃఖం ఉన్నాయి. నది అందం నది అనుభవం నుంచి విడిపోలేదు.

దీనికి ఒక పరిమితి లేకపోలేదు. కిన్నెర పడిన బాధ తెలుగు గృహిణి బాధ. అత్తాకోడళ్ళ కథ మైదానపు ఇంటి కథ. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉన్న కోయల జీవితం కావ్యకథలో భాగం కాలేదు. మైదానపు కుటుంబం అడవిలోకి వచ్చి నదీ పర్వతాలుగా స్థిరపడింది. అయినా ఈ కావ్యం నదిని అనుభవించే ప్రాణిగా నిలిపింది. నేడు పాల్వంచ సమీపంలో కిన్నెరసాని మీద ఆనకట్ట ఉంది. ఆ జలాశయం నీరు కొత్తగూడెం విద్యుత్కేంద్రానికి చేరుతుంది. పరిసరాల్లోని అడవి వన్యప్రాణి సంరక్షణ కేంద్రం. జలాశయంలో పడవ షికారుకు వచ్చేవారికి కిన్నెర పేరు తెలుసు. ఆమె ఎందుకు నదియైందో తెలిసినవారు అంతమంది ఉండరు.

రెండు పడవలు: 1973, 2006

గోదావరి మీది పడవ ప్రయాణాన్ని జనసామాన్యపు ఊహలో స్థిరపరచిన ఘనత సినిమాది. బాపు దర్శకత్వంలో ముళ్ళపూడి వెంకటరమణ రచనతో వచ్చిన ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) ఈ విషయంలో పక్కపక్కన పెట్టి చూడవలసిన చిత్రాలు. రెండింటిలోనూ పడవ గోదావరికి ఎదురెక్కి భద్రాచలం చేరుతుంది. రెండింటిలోనూ అపరిచితులు దగ్గరవుతారు. రెండింటి గమ్యమూ పెళ్ళే. తేడా కూడా ఆ పెళ్ళిలోనే ఉంది.

‘అందాల రాముడు’లో జనం వెళ్ళేది సీతారామ కల్యాణానికి. ఆ పెళ్ళికి అందరూ చుట్టాలే. కలిమిలేముల తేడాలున్న మనుషులు ఒకే దేవుడి పెళ్ళికి ఒకే పడవలో పోవడం చిత్రంలోని హాస్యానికీ విమర్శకూ ఆధారం. పడవ ఒక చిన్న ఊరు. అక్కడి తగవులూ సర్దుబాట్లూ ఊరివే. ‘గోదావరి’లో పెళ్ళి ఒక కుటుంబానిది. అంతేకాక కథానాయిక సీత ఆ పెళ్ళికోసం పడవ ఎక్కలేదు. పెళ్ళిచూపుల అవమానం, వ్యాపారంలోని ఒడిదుడుకులు వెనక వదిలి కొన్ని రోజులు తనకోసం తాను గడపడానికి బయలుదేరింది. యాత్ర విహారంగా మారిన క్షణం ఇది. భద్రాచలం అప్పటి వరకు గమ్యం, ఇప్పుడు చివరి మజిలీ.

ఈ మార్పును పతనంగా చెప్పడం న్యాయం కాదు. ఒంటరిగా పడవ ఎక్కిన యువతి, ఎవరి అనుమతీ లేకుండా డెక్కు మీద కూర్చొని తన జీవితం గురించి ఆలోచించడం తెలుగు సినిమాకు చిన్న విషయం కాదు. తీర్థయాత్రలో స్త్రీ కుటుంబంలో భాగంగా వెళ్ళేది. విహారం ఆమెను వ్యక్తిగా ప్రయాణించనిచ్చింది. ఆ స్వేచ్ఛకు నది సాక్షి అయింది.

నది సాక్షిగా మాత్రమే మిగిలిపోవడం ఇందులోని సమస్య. రెండు చిత్రాల్లోనూ కథ పడవలోనే పుట్టి పడవలోనే పరిష్కారం పొందుతుంది. ఒడ్డు కదిలిపోయే తెర. ‘అందాల రాముడు’లో పడవే ఊరు కావడంతో ఆ లోటు కొంత కప్పబడింది. ‘గోదావరి’లో నీటి మీది వెలుగు, కొండల మీది మంచు ఎంత శ్రద్ధగా చిత్రితమైనా, అవి సీతారాముల మనఃస్థితికి అనుగుణంగా అమరిన రంగులు. కొండల్లో ఎవరున్నారన్న ప్రశ్న ఈ కథకు అవసరం కాలేదు.

ఒడ్డున ఉన్నవారు

ఆ ప్రశ్నకు సమాధానం సినిమాలకు ముందే లిఖితమై ఉంది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ ఈ కొండల్లోని కొండరెడ్ల మీద వెలువడిన గ్రంథం. పోడు వ్యవసాయం, అడవి మీద ఆధారపడిన బతుకు, వెదురూ కలపా కొట్టించే వ్యాపారుల దగ్గర వారు చిక్కుకొన్న తీరు అందులో నమోదయ్యాయి. విహారికి దృశ్యమైన అడవి అక్కడివారికి పొలం, అప్పు, కూలి. 1879 రంప పితూరీ ఈ మన్యంలోనే రగిలింది. పడవలోని మైకు వ్యాఖ్యానంలో సినిమా చిత్రీకరణ జరిగిన చోట్లకు దక్కే స్థానం ఈ చరిత్రకు దక్కదు.

పాత యాత్రాసాహిత్యం ఈ విషయంలో భిన్నంగా ఉండేది. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ ఊరి పేరు, దిగడానికి వసతి, దొరికే వస్తువులు, నదులు దాటే వీలు రాసుకొంటూ పోయాడు. అతడికి స్థానికుల పట్ల ప్రత్యేకమైన సానుభూతి ఉందని కాదు. వారు లేకుండా ప్రయాణం సాగదు కనుక వారు రచనలోకి వచ్చారు. ప్రయాణికుడి అవసరమే వారిని కనిపించేలా చేసింది. భోజనమూ, పాటలూ, నృత్యమూ పడవలోనే అమరిన విహారంలో ఆ అవసరం తీరిపోయింది. దానితోపాటు వారూ కనుమరుగయ్యారు.

ఆ అవసరం మళ్ళీ బయటపడిన సందర్భం ఒకటుంది. 2019 సెప్టెంబర్ 15న నది వరదమీద ఉండగా పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల పడవ కచ్చులూరు దగ్గర మునిగి పదుల సంఖ్యలో ప్రాణనష్టం జరిగింది. బతికి బయటపడినవారిని ఆదుకొన్నది ఒడ్డునున్న గిరిజన గ్రామాల ప్రజలు. నాటు పడవలు వేసుకొని వారు సుడుల్లోకి వచ్చారు. పాదలేపం కరిగినప్పుడు ప్రవరుడికి కొండ మీది మనిషి కనిపించినట్టే, పడవ మునిగినప్పుడు విహారానికి ఒడ్డు కనిపించింది. విపత్తు జరిగితే తప్ప నివాసి దృశ్యంలోకి రాడన్నది ఈ విహారదృష్టి మీద చేయగల అతి కఠినమైన విమర్శ.

మునిగే దృశ్యం

ఈ చర్చకు తక్షణత పోలవరం వల్ల వచ్చింది. 2014 పునర్విభజన చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిన ఈ జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యాములు లేచిన తరువాత వరదనీరు ఎగువ గ్రామాలను ముంచింది. దేవీపట్నం వంటి పాత ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొండరెడ్లు, కోయలు పునరావాస కాలనీలకు తరలవలసివచ్చింది. విహారపు లాంచీలు ఇప్పుడు ఆనకట్టకు ఎగువన, గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి కదులుతున్నాయి. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా ఒకే పడవలో సాగిన ఆ రెండు చిత్రాల దారి తెగిపోయింది. సినిమాలు ఊహించకుండానే ఒక పోయిన దారికి దస్తావేజులయ్యాయి.

నది సరస్సుగా మారుతున్న ఈ సంధిలో విహారం ఆగలేదు. నీరు నిండిన కొండలోయ మరింత అందంగా ఉంటుందని చెప్పే ప్రచారానికి కూడా కొదువ లేదు. వసుచరిత్రలో నదిని కొండ అడ్డుకోవడం కావ్యసమస్య. దాని పరిష్కారం నదికి దారి దొరకడం. ఇక్కడ నదికి అడ్డుపడిన నిర్మాణం సాగునీటినీ విద్యుత్తునూ ఇవ్వగలదు. దాని ప్రయోజనాలను తూచడం సాహిత్య విమర్శ పని కాదు. ఆ అడ్డుకట్ట వెనుక మునిగిన పేర్లు, రేవులు, గుడులు, గట్లు ఏ వర్ణనలో మిగిలాయో చూడటం విమర్శ పనే.

ముగింపు

పాపికొండల వర్ణనలో మూడు దృష్టులు కనిపిస్తాయి. యాత్ర స్థానికుడి మీద ఆధారపడి అతడిని నమోదు చేసింది. విహారం ప్రయాణికుడికి స్వేచ్ఛనిచ్చి, ఒడ్డును తెరగా మార్చింది. నివాసుల దృష్టి మాత్రం మానవశాస్త్ర గ్రంథాల్లో, ప్రభుత్వ నివేదికల్లో, ముఖ్యంగా కొండరెడ్ల, కోయల పాటల్లో, స్థలనామాల్లో ఉండిపోయింది. తెలుగు ప్రబంధం వర్ణనను నివాసి నుంచి పూర్తిగా వేరుచేయలేదని మనుచరిత్ర, వసుచరిత్ర చెబుతున్నాయి. ఆ వేర్పాటు ఆధునికం.

అందువల్ల ‘ప్రకృతి వర్ణన’ అన్న శీర్షిక కింద సాగే బోధనలో, పరిశోధనలో ఒక ప్రశ్న చేర్చవలసి ఉంది: వర్ణించిన చోట ఎవరుంటున్నారు, వారికి ఆ వర్ణనలో మాట ఉందా? ముంపు గ్రామాల మౌఖిక సాహిత్యాన్ని, రేవుల పేర్లను, నది వంపులకు స్థానికులు పెట్టుకొన్న గుర్తులను సేకరించే పనిని తెలుగు శాఖలు వెంటనే చేపట్టాలి. పునరావాస కాలనీల్లో పుట్టే తరానికి ఆ రేవులు చూపించడానికి ఒడ్డు ఉండదు. ఆ పేర్లు పలికే పెద్దలు ఇంకా ఉన్నారు.