కాటా దాకా వెళ్లొచ్చిన శక్తిమాన్

పాత ఇనప సామాను యార్డులో లారీకి ధర టన్నుల లెక్కన పలుకుతుంది. ఎన్ని ఘాట్లెక్కింది, ఎంత బరువు మోసింది అని కాటా అడగదు. సైన్యం వదిలించుకున్న శక్తిమాన్‌లు చాలావరకు ఆ కాటా ఎక్కినవే. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సు మీద 1959లో జబల్‌పూర్‌లో తయారీ మొదలై, 1996 దాకా సాగిన బండి అది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, ముందు చక్రాలకూ లాగుడు. ఇప్పుడు దాని విడిభాగాలు షాపుకెళ్లి అడిగితే దొరికేవి కావు. అలాంటిదాన్ని గ్యాస్ కటింగు నుంచి తప్పించి మళ్లీ రోడ్డెక్కించాలంటే డబ్బు కన్నా ముందు చెయ్యి తిరిగిన పనివాళ్లు కావాలి. కృష్ణా డెల్టా వాళ్లు అందుకు దూరం పోనక్కర్లేదు, విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది.

ఆటోనగర్‌లో అన్నీ తెలిసిన మేస్త్రి కోసం ఎవరూ వెతకరు. కమాన్ కట్టలు చూసేవాడు కమాన్లే చూస్తాడు. రేడియేటరు అతికేవాడికి రేడియేటరే లోకం. డీజిల్ పంపు వాడు పక్క షెడ్డులో ఇంజను విప్పుతున్నా తలెత్తడు. బండి ముక్కలు ముక్కలుగా తలో షెడ్డుకీ తిరిగొచ్చి ఒకచోట కలుస్తుంది. కలిపేవాడికి కావలసింది ఏ ముక్క ఎవరి చేతికి ఇవ్వాలో తెలియడం. సగం విద్య అక్కడే ఉందని నా నమ్మకం.

క్రాంకు సంగతే చూడండి. ఏళ్ల తరబడి తిరిగిన క్రాంకు జర్నల్ గుండ్రంగా ఉండదు, ఒకవైపు అరుగుతుంది. మైక్రోమీటరు పట్టి అడ్డంగా, నిలువుగా కొలిస్తే ఆ తేడా బయటపడుతుంది. అప్పుడు గ్రైండింగు మిషను మీదికెక్కించి పావు మిల్లీమీటరు చొప్పున తగ్గిస్తారు: 0.25, 0.50, 0.75. ఆ కొలతకు సరిపడే అండర్‌సైజు బేరింగులు వెయ్యాలి. బేరింగుకీ జర్నల్‌కీ మధ్య నూనె నిలవడానికి మిగిల్చే సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఇదంతా కొలతల పని, శ్రద్ధ ఉన్నవాడెవడైనా చేస్తాడు. పనితనం తెలిసేది మూలలో. జర్నల్ వెళ్లి పక్క చెక్కను కలిసేచోట చిన్న గుండ్రపు వంపు ఉంటుంది. రాయి అంచును ముందే గుండ్రంగా దిద్దుకుని, ఆ వంపు చెడకుండా గ్రైండు చేసేవాడే మేస్త్రి. తొందరపడి మూలను పదునుగా కోశాడా, బరువు పడ్డ ప్రతిసారీ ఒత్తిడంతా ఆ గీత దగ్గరే చేరుతుంది. బయటికి క్రాంకు తళతళలాడుతూనే ఉంటుంది. పగులు అక్కడే మొదలవుతుంది, చివరికి ఏదో ఘాట్ మీద రెండు ముక్కలవుతుంది. డబ్బిచ్చే ఓనరు ఆ మూల వైపు చూడనే చూడడు.

దొరకని బుష్షులకు లేత్ ఉంది. అరిగిపోయిన పాతదే నమూనా. అరగక ముందు అదెంత ఉండేదో షాఫ్టును బట్టి, హౌసింగును బట్టి లెక్కగట్టి, గన్‌మెటల్ దిమ్మెలోంచి తీస్తారు.

ఛాసిస్ దగ్గర మళ్లీ ఆగాలి. తుప్పు తిన్న అడ్డ పట్టీని మార్చేటప్పుడు వెల్డింగు కొట్టేస్తే గంటలో అయిపోతుంది. కానీ పొడుగు పట్టీల పై అంచు, కింది అంచు బరువుకు సాగి, నొక్కుకుపోయే చోట్లు. అక్కడ వేడి తగిలితే ఉక్కు గుణం మారుతుంది, వెల్డు పక్కనే చీలుతుంది. అందుకే పాతకాలం మేస్త్రులు పట్టీ నిలువు భాగంలోనే చిల్లు వేసి రివిట్ కొడతారు. ఎర్రగా కాల్చిన రివిట్‌ను చిల్లులో పెట్టి, ఇటు ఒకడు దిమ్మె ఆనించి పట్టుకుంటే అటు ఒకడు తలకట్టు కొడతాడు. చల్లారేకొద్దీ అది పొట్టిదై రెండు రేకుల్నీ బిగించి పట్టేస్తుంది. తర్వాత ఒకవైపు వేలు ఆనించి రెండో వైపు చిన్న సుత్తితో తడతారు. వదులుంటే అదురు వేలికి తెలుస్తుంది, ఆ రివిట్ తీసి మళ్లీ వేస్తారు.

ఇంత చేశాక పెయింటు దగ్గర చిక్కు వస్తుంది. పాత పొరలు గీకుతుంటే సైన్యం నంబరు బయటపడొచ్చు: ముందు పైకి చూసే బాణం, వెంటనే రెండంకెలు. ఆ రెండంకెలు బండి పటాలంలో చేరిన ఏడాది. బండి వయసు చెప్పే రుజువు గనక రుద్దేసే ముందు ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది. అసలు రంగు మాత్రం మళ్లీ వెయ్యకూడదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బళ్లకే పరిమితం. కొందరు ఓనర్లు దీనికి తెగ బాధపడతారు. నాకైతే పసుపు రంగు వేసినా పేచీ లేదు, క్రాంకు మూల సరిగ్గా తీసి ఉంటే చాలు.