ఏ నెలలో పేల్చాలి?

సైస్మిక్ సర్వే అనగానే చాలామందికి డైనమైటూ, నేల అదరడమూ గుర్తొస్తాయి. నాకు గోడ క్యాలెండర్ గుర్తొస్తుంది. కోనసీమలో ఫీల్డ్ పార్టీతో తిరిగిన కాలంలో పేలుళ్ల గురించి కంటే తేదీల గురించే ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నాను.

ఈ పని ఎరగనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వింటాం కదా, చమురూ గ్యాసూ వెతకడానికి అదే పని నేలతో చేస్తాం. డెల్టా ఒండ్రులో ఇరవై ముప్పై మీటర్ల లోతుకి చేతిబోరు దించి, అడుగున కొద్ది కిలోల మందు పెట్టి, పైన మట్టి కూరి పేలుస్తాం. ఆ కుదుపు కిలోమీటర్ల లోతున ఉన్న రాతి పొరలకు తగిలి వెనక్కి వస్తుంది. పైన వరసగా గుచ్చిన జియోఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. త్రీడీ సర్వేలో ఇలాంటి షాట్ పాయింట్లు ఏ నలభై యాభై మీటర్లకో ఒకటి చొప్పున ఊళ్లకు ఊళ్లు దాటుకుంటూ పడతాయి. సముద్రంలో మందు ఉండదు. ఓడ వెనకాల లాగే ఎయిర్‌గన్లు చదరపు అంగుళానికి సుమారు 2,000 పౌండ్ల ఒత్తిడితో గాలిని ఒక్క పెట్టున వదుల్తాయి. పది సెకన్లకు అటూ ఇటూగా ఒకసారి, రాత్రీ పగలూ.

ఒక్క పేలుడు చేసే హాని చిన్నదే. ఎన్ని పేలుస్తున్నాం, ఎక్కడ, ఎప్పుడు అన్న దగ్గరే గొడవంతా. అది నిర్ణయమయ్యేది చేలో కాదు. ఆఫీసులో, కంప్యూటర్ తెర మీద గీతలు గీసినప్పుడు.

జియోఫిజిక్స్ చదివినవాడికి గళ్లంటే ఇష్టం. పడమటి మూల మొదలుపెట్టి తూర్పు మూలకు వరస తప్పకుండా కొట్టుకుపోతే డేటా బాగుంటుంది, కేబుళ్లు మోసే కూలీల ఖర్చు తగ్గుతుంది. కానీ గోదావరి జిల్లాల్లో ఖాళీగా ఉండే నెల ఎక్కడుంది? సార్వా కోతలయ్యీ కాకముందే దాళ్వా నారుమళ్లు. దాళ్వా ఏప్రిల్లో ఇంటికొస్తే, కాలువలు కట్టేసిన దగ్గర్నుంచి మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా చేలు ఎండి ఉండేది కొన్ని వారాలే. సర్వేకేమో నెలలకు నెలలు కావాలి. పొట్ట మీదున్న చేను గట్టున నిలబడి ఒక రైతు నాతో అన్న మాట ఇదీ: "మీ గ్యాసు ఎక్కడికీ పారిపోదు కదండీ. పైరు ఆగదండీ."

ఆ మాటకి జవాబు లేదు. అందుకే గళ్ల వరస పక్కన పెట్టి, పంట వరస పట్టుకున్నాం. చేలల్లో పైరున్న నెలల్లో కొబ్బరి తోటలు, కోతలయ్యాక చేలు, పట్టుబడి అయి ఎండగట్టినప్పుడు రొయ్యల చెరువుల గట్లు. ఒకే ఊరికి రెండుసార్లు, మూడుసార్లు వెళ్లాల్సొస్తుంది. కేబుల్ పరిచి, చుట్టి, మళ్లీ పరవాలి. పైవాళ్లు మొహం చిట్లిస్తారు. కేబుల్ లేకుండా రికార్డు చేసుకునే పెట్టెలు, నోడ్లు, వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది, చేనుకు తొక్కుడూ తగ్గింది. అయినా ప్రణాళిక అంటే నా దృష్టిలో ఇప్పటికీ మొదటి పని పంటల క్యాలెండరే. పరిహారం ఎంతివ్వాలన్న లెక్క ఆ తర్వాతిది. పరిహారం ఇస్తాం కదా అని పైరు తొక్కే హక్కు ఎవరికీ రాదు.

ఇంకో మాట. త్రీడీలో భూగర్భంలోని ఒక్కో చోటును పదుల కొద్దీ షాట్ల నుంచి చూస్తాం. గుడి దగ్గర, బావి దగ్గర, పెంకుటింటి పక్కన పడిన నాలుగు షాట్లు వదిలేస్తే, లేదా కొంచెం జరిపితే, బొమ్మ చెడిపోదు. ఇది పార్టీలో ప్రతివాడికీ తెలుసు. అయినా జరపరు. రోజుకి ఎన్ని షాట్లు కొట్టారన్నదే లెక్క కాబట్టి. గనుల్లో పేలుళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పెట్టిన పరిమితి ప్రకారం, ఇతరుల ఇళ్ల దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనం సెకనుకు 5 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ కంపనం కొలిచే పరికరాన్ని ఇంటి అరుగు మీద పెట్టి, ఇంటాయనకు అంకె చూపించి పేల్చిన చోట మాకు తగాదా రాలేదు. చూపించని చోట పాత పగుళ్లు కూడా మా ఖాతాలోనే పడ్డాయి. వాళ్ల తప్పేముంది? 1995లో పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ అయి రెండు నెలలు మండటం చూసినవాళ్లు, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలుడు విన్నవాళ్లు. సర్వే వేరు, బావి వేరు, పైపులైను వేరు అని మనం పాఠం చెప్తే సరిపోదు.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది గుంత పూడ్చడం. కోనసీమలో చాలాచోట్ల మంచినీరు పైపొరలోనే ఉంటుంది, కింద ఉప్పునీరు. సరిగా మూయని గుంత ఆ రెంటికీ దారి చేస్తుంది. మట్టి తోసేసి కాలితో తొక్కడం పూడ్చడం కాదు. నీళ్లు తగిలితే ఉబ్బే బెంటొనైట్ మట్టితో బిగించాలి. పేలకుండా మిగిలిన మందు ఉంటే దాని లెక్క తేలాలి. పార్టీ ఊరు దాటాక గుంతలు చూడ్డానికి వెనక్కి వచ్చేవాణ్ణి మాత్రం పనిగట్టుకుని నియమించాలి. లేకపోతే ఎవరూ రారు.

సముద్రంలో క్యాలెండర్ ఇంకా కఠినం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. జనవరి నుంచి సముద్రం నెమ్మదిస్తుంది, ఓడలకు అదే అదను. సరిగ్గా అప్పుడే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండూ వాటికి చోటే. పోనీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, మరబోట్లు రేవులోనే ఉంటాయి, వలలు తెగవు, అప్పుడు చేద్దామంటే, ఆ నిషేధం పెట్టిందే చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఏ దోషమూ లేని నెల బంగాళాఖాతంలో లేదు. ఏ నెలలో ఎవరికి నష్టమో తెలిసి ఎంచుకోవడమే ఉంది. నన్నడిగితే, తీరానికి దగ్గరి బ్లాకుల్లో తాబేళ్ల నెలలు పూర్తిగా వదిలెయ్యాలి. లోతు నీళ్లలోకి ఆ కాలంలో పోవచ్చు.

సముద్ర జీవాల రక్షణకు 1995లో బ్రిటన్ పెట్టిన పద్ధతినే చాలా దేశాలు అటూ ఇటూ మార్చి వాడుతున్నాయి. మొదలుపెట్టే ముందు అరగంట, లోతు 200 మీటర్లు దాటితే గంట, ఓడ మీంచి చూడాలి. 500 మీటర్ల లోపల తిమింగలం గానీ డాల్ఫిన్ గానీ కనిపిస్తే ఆగాలి. ఆ తర్వాత చిన్న గన్నుతో మొదలుపెట్టి కనీసం ఇరవై నిమిషాలు మెల్లగా పెంచాలి, జీవాలు పక్కకు తప్పుకునేలా. మంచిదే. కానీ ఇది తిమింగలాల కోసం పుట్టిన నియమం. అలల మధ్య నీటి పైకి తల మాత్రమే ఎత్తే తాబేలు కంటికి ఆనేది అరుదు. ప్రతిధ్వని పట్టడానికి ఓడ లాగే, కొన్ని కిలోమీటర్ల పొడవున్న కేబుళ్ల (స్ట్రీమర్ల) చివర తేలే బాయిల అడుగున తాబేళ్లు ఇరుక్కుని చచ్చిపోతాయి. ఆ బాయిలకు ఇనుప కంచె బిగిస్తే చాలు. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు.

చేపలు పారిపోతున్నాయని మత్స్యకారులు చెప్తే ఓడ మీదివాళ్లు నవ్వుతారు. నవ్వకూడదు. బేరెంట్స్ సముద్రంలో నార్వేవాళ్లు చేసి 1996లో అచ్చేసిన పరిశోధనలో, ఎయిర్‌గన్లు మొదలయ్యాక కాడ్, హాడక్ చేపల పట్టు దాదాపు సగానికి పడిపోయింది. ఆగిన ఐదు రోజులకూ పూర్వస్థితికి రాలేదు. 2017లో టాస్మేనియా దగ్గర చేసిన పరీక్షలో కిలోమీటరు పైబడిన దూరంలో కూడా నీటిలో తేలాడే చిన్న జీవాలు (జంతు ప్లవకాలు) చచ్చినట్టు తేలింది. ఆ దూరం మీద తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు, వాదన నడుస్తోంది. కానీ 2012లో చమురు అన్వేషణ వల్ల వేట పోయిన ముమ్మిడివరం ప్రాంత మత్స్యకారులకు పరిహారం చేతికొచ్చింది 2019లో. అలాంటి పరిహారానికి ఏ వాదనా అడ్డు రాకూడదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ డ్రిల్లింగ్ లేని సర్వేలకు ఒక షరతు మీద మినహాయింపు ఇచ్చింది. అంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ ఉండదు, మీ ఊరివాళ్లకు మైకు దొరకదు. కాబట్టి మీ పొలంలోకి సర్వేవాళ్లొస్తే, పరిహారం సంతకం పెట్టే ముందు తేదీ అడగండి, గుంత లోతు అడగండి, దాన్ని దేనితో పూడుస్తారో అడగండి. జవాబు తెలుగులో, కాగితం మీద తీసుకోండి. అడిగినవాళ్ల ఊళ్లోనే మా పార్టీ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేది.