కోయని పూలు, జారిన గాండీవం

మా ఇంట్లో తొంభై నిమిషాల క్యాసెట్ ఒకటి ఉండేది. దాని మీద మా పెదనాన్న బాల్‌పెన్నుతో 'ఘంటసాల గీత' అని రాసి పెట్టుకున్నారు. రికార్డింగ్ షాపులో చేయించుకొచ్చిన క్యాసెట్ అది. గీత అయిపోయాక ఇంకా కొంత టేపు మిగిలింది. ఊరికే వదిలేయడం ఇష్టం లేక షాపాయన అందులో పుష్పవిలాపం ఎక్కించాడు. అట్ట మీద మాత్రం ఆ పేరు లేదు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం గీత ముగిసినా టేపు ఆపడానికి నేను లేవలేదు. కాసేపు బుస్సుమనే చప్పుడు వచ్చింది. ఆ తర్వాత అదే గొంతు, అయితే బాగా పడుచు గొంతు, తోటలోకి పూల కోసం వెళ్లిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అప్పటిదాకా దేవుడు మనిషితో మాట్లాడాడు. ఇప్పుడు మనిషి దేవుడికి ఏదో చెప్పుకుంటున్నాడు.

అప్పటి నుంచి ఈ రెంటినీ విడివిడిగా వినలేను. జంటగా ఉండాలని ఎవరూ చేసినవి కావు. ఒకటి జంధ్యాల పాపయ్యశాస్త్రి, అంటే మన కరుణశ్రీ, రాసిన తెలుగు పద్యాలు. రెండోది వ్యాసుడి సంస్కృత శ్లోకాలు. పుష్పవిలాపం పక్కకు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టే 78 రికార్డుల కాలం నాటిది, భగవద్గీత లాంగ్ ప్లే రికార్డుల కాలంలోది. అయినా కథ దగ్గర రెండూ ఒక్కచోటే మొదలవుతాయి. చేయవలసిన పని చేయడానికి ఒక మనిషి వెళ్తాడు, చేయి ఆడదు.

అర్జునుడు యుద్ధానికి వచ్చాడు. ఎదురుగా తాతను, గురువును, అన్నదమ్ములను చూశాడు. గాండీవం జారిపోయింది. కరుణశ్రీ భక్తుడు పూజకు పూలు కోయడానికి వచ్చాడు. కొమ్మ వంచాడు. పూలు బావురుమన్నాయి. మా ప్రాణం తీస్తావా అన్నాయి. అతని చేయి ఆగిపోయింది. ఇద్దరి కళ్ల ముందూ ఉన్నది చంపడమే. ఇద్దరికీ అది ధర్మకార్యమనే పేరుతోనే వచ్చింది. ఒకరికి క్షత్రియ ధర్మం, ఒకరికి దేవపూజ. ఇక్కడి నుంచి దారులు చీలిపోతాయి. అర్జునుడికి పద్దెనిమిది అధ్యాయాల జవాబు దొరుకుతుంది, అతను మళ్లీ విల్లు పడతాడు. పూల ముందు నిలబడ్డవాడికి జవాబు చెప్పేవాళ్లు లేరు. అతను వట్టి చేతులతో దేవుడి దగ్గరికి తిరిగి వస్తాడు.

గీత ఈ పూలకు సమాధానం చెప్పగలదా? నేను చాలాసార్లు ఆలోచించాను. చెప్పలేదనే నా అభిప్రాయం. కృష్ణుడి వాదమంతా నశించనిదాని మీద నిలబడింది. ఆత్మకు చావు లేదు, దేహం పోతే ఇంకో దేహం, కనుక దుఃఖించకు అంటాడు. పువ్వు తనకు ఆత్మ ఉందని ఎక్కడా అనదు. అది నశించేదాని పక్షాన మాట్లాడుతుంది. కొద్ది గడియల బతుకు, తల్లి తీగ ఒడి, గాలి ఊపు, చివరికి ఆ తల్లి కాళ్ల దగ్గరే రాలిపోయే హక్కు. అంతకు మించి అడగదు. పైగా నువ్వు బుద్ధుడు పుట్టిన నేల మీద పుట్టావు కదా అని మనిషికి గుర్తు చేస్తుంది. అక్కడ కురుక్షేత్రం, ఇక్కడ బుద్ధుడు. ఈ రెంటి మధ్య మన దేశం ఎప్పుడూ తేల్చుకోలేదు. ఒకే గాయకుడు రెంటినీ పాడి, రెంటినీ నిజమనిపించాడు.

ఎలా అనిపించాడన్నది పాటలోకి వెళ్లి చూడాలి.

పుష్పవిలాపంలో ఎక్కువ భాగం ఉత్పలమాలలు. పాదానికి ఇరవై అక్షరాలు, నాలుగు పాదాలకు ఎనభై. కరుణశ్రీ పద్యం సమాసాలతో నిండి, జారుడుగా, తేనెగా ఉంటుంది. చదివేటప్పుడు ఈ తీపి కొంత ఎక్కువైందని నాకు అనిపిస్తుంది. అలాంటి పద్యం అప్పటి నాటకాల స్టేజీ మీద ఎలా పాడేవారో పెద్దవాళ్లు చెబుతుంటారు. పద్యం చివర రాగం పట్టుకుని, హార్మోనియం తోడుగా, వన్స్‌మోర్ పడేదాకా లాగేవారు. ఘంటసాలకు ఆ పద్ధతి తెలియనిది కాదు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, మధూకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్న మనిషి. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శాస్త్రం నేర్చుకున్న మనిషి. అంత విద్య ఉండి కూడా రాగాన్ని పద్యానికి పనిమనిషిగా పెట్టాడు. సమాసం ఎక్కడ విరిగితే అర్థం తెలుస్తుందో అక్కడే ఊపిరి తీసుకుంటాడు. రాగం కావలసినంతే వచ్చి, మాట వినబడగానే తప్పుకుంటుంది. పద్యం చదవడం రాని వాళ్లు కూడా ఆ పద్యాలను కంఠతా పట్టింది అందుకే. కవి పోసిన తీపిని గాయకుడు ఇలా పలచన చేశాడు. కాగితం మీద కన్నా రికార్డులో పుష్పవిలాపం మెరుగైన రచన అని నేను గట్టిగా నమ్ముతాను.

గీతలో సమస్య దీనికి తలకిందులు. అనుష్టుప్పు చిన్న ఛందస్సు. పాదానికి ఎనిమిది అక్షరాలు, శ్లోకమంతా కలిపితే ముప్ఫై రెండు. పద్యంలా మలుపులు తిరగడానికి చోటు లేదు. ఏడు వందల శ్లోకాల్లోంచి ఏరుకున్న నూటికి పైగా శ్లోకాలు వరసగా వస్తుంటే విసుగు పుట్టాలి. అక్కడ ఘంటసాల రాగాన్ని మారుస్తూ పోయాడు. శ్లోకం భావాన్ని బట్టి రంగు మారుతుంది, నడక మాత్రం మారదు. అర్జునుడి దైన్యం దగ్గర గొంతు వంగుతుంది, విశ్వరూపం దగ్గర నిటారుగా లేస్తుంది. ఎక్కడా నటించడు. ఇన్ని వేల సినిమా పాటల్లో ఇన్ని పాత్రలకు గొంతు ఇచ్చిన మనిషి, కృష్ణుడి పాత్ర వేయకుండా కృష్ణుడి మాటలు పాడాడు. నా దృష్టిలో అదే ఆ రికార్డులో అన్నిటికంటే కష్టమైన పని.

గీత పాడే నాటికి ఘంటసాల ఆరోగ్యం బాగాలేదు. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తూ గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరాడు. గీత పాడాలన్న కోరిక తీర్చుకున్నాడు గానీ, రికార్డు బయటికొచ్చే వేళకు లేడు. 1974 ఫిబ్రవరి 11న, యాభై రెండేళ్లు నిండకుండానే పోయాడు. ఆ గొంతులో పుష్పవిలాపం నాటి నిగనిగ తగ్గింది. దాని బదులు అడుగున ఒక బరువు చేరింది. పుట్టినవాడికి చావు తప్పదన్న శ్లోకం దగ్గర ఆ బరువు తెలుస్తుంది. పుష్పవిలాపం పాడిన పడుచు గొంతుతో ఆ శ్లోకం అంత నమ్మకంగా వినిపించేది కాదు.

ఈ రెండు రికార్డుల్లోనూ పాటతో పాటు మాట ఉంది. దీన్ని గురించి మాట్లాడుకునే వాళ్లు తక్కువ. పుష్పవిలాపంలో పద్యానికి పద్యానికి మధ్య వచనం వస్తుంది, గీతలో శ్లోకం వెనకాల తాత్పర్యం వస్తుంది. ఇక్కడ మాత్రం నా ఓటు పుష్పవిలాపానికే. అందులో ఘంటసాల మాట్లాడుతుంటే దేవుడి గది గుమ్మంలో నిలబడి తప్పు ఒప్పుకుంటున్నవాడిలా ఉంటుంది. వచనం నుంచి పద్యంలోకి ఎప్పుడు జారాడో కూడా తెలియదు. గీత తాత్పర్యం గ్రాంథికంగా, పాఠంలా ఉంటుంది. శ్లోకం లేపినచోట తాత్పర్యం మనల్ని కూర్చోబెడుతుంది. అయితే ఒక మేలు ఒప్పుకోవాలి. సంస్కృతం ముక్క రాని మా నాయనమ్మకు గీతలో ఏముందో తెలిసింది ఆ తాత్పర్యం వల్లనే. ఆమె దాన్ని మా ఇంటి పంచాయితీల్లో కూడా వాడేది.

ఇంకొక్క చోటు ఉంది, అక్కడికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు తనకేం కావాలో చెబుతాడు. ఆకో, పువ్వో, పండో, కాసిని నీళ్లో, భక్తితో ఇస్తే చాలు, తీసుకుంటానంటాడు. ఘంటసాల ఈ శ్లోకాన్ని ఎంతో మెత్తగా, చనువుగా పాడతాడు. ఇదే గొంతు ఏళ్ల కిందట, ప్రభూ, పువ్వు తేలేకపోయాను అని చెప్పుకుంది. దేవుడు అడిగిందీ పువ్వే, భక్తుడు తేలేకపోయిందీ పువ్వే. ఆ క్యాసెట్‌లో గీత ముందు, పుష్పవిలాపం తర్వాత ఉండటంతో నాకు ఇది మరీ సూటిగా తగిలింది. దేవుడు అడిగాడు, మనిషి తోటకు వెళ్లాడు, ఖాళీ చేతులతో వచ్చాడు. భక్తితో ఇచ్చినది అన్నాడు గనుక ఆ ఖాళీ చేతులను కూడా ఆ దేవుడు తీసుకుంటాడనే నాకు తోస్తుంది.

ఇక ఈ రెంటినీ మనం ఏం చేశామో చూస్తే బాధేస్తుంది. పుష్పవిలాపాన్ని బడి పిల్లల పద్యపఠనం పోటీలకు అప్పగించాం. పిల్లలు గొంతు పెంచి, ఏడుపు కలిపి, ఘంటసాల వదిలేసిన స్టేజీ పద్ధతినే మళ్లీ తెచ్చుకుంటున్నారు. గీతను శవయాత్రకు అంటగట్టాం. మా వీధిలో ఆ గొంతు వినబడితే జనం ముందు అడిగే మాట "ఎవరు పోయారు?" అని. పొద్దున్నే ఇంట్లో పెడితే "అపశకునం, ఆపు" అనే పెద్దవాళ్లను నేను చూశాను. బతికున్న మనిషి చేయాల్సిన పని గురించి, యుద్ధభూమిలో నిలబెట్టి చెప్పిన మాట అది. దాన్ని వినలేని వాళ్ల చెవి దగ్గర మాత్రమే మోగిస్తున్నాం.

ఆ క్యాసెట్ టేపు నలిగి, ముడతలు పడి పోయింది. ఇప్పుడు రెండూ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ఎవరితోనైనా ఒక్క రికార్డు పంచుకోవాలంటే నేను ఈ రెండూ కలిపే పంపుతాను. మీకూ అదే చెబుతాను. ఎవరూ పోని, ఏ పండగా లేని ఒక మామూలు పొద్దున, ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు, గీత పెట్టండి. తొమ్మిదో అధ్యాయం దాటాక ఆపి, పుష్పవిలాపం వినండి. ఆ తర్వాత మళ్లీ గీతకు రండి.