ముడిచి యిచ్చిన మాల : ఆముక్తమాల్యదలో పుష్పసౌందర్యము, కృతజ్ఞత

పూజకై కోసిన పూవును వాసన చూడరాదని పెద్దలు బాలురను మందలించుట మన యిండ్లలో పరిపాటి. ఆఘ్రాణించిన పుష్పము నిర్మాల్యమగునని వారి భావము. ఈ నియమమునకు ఎదురు నిలిచిన మహాప్రబంధము శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. ధరించి విడిచిన మాలను స్వామికి ఒసగునది యని ఆ పేరునకు అర్థము.

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు మాలలు కట్టి స్వామికి సమర్పించుచుండును. తులసివనమున ఆయనకు లభించిన కుమార్తె గోదాదేవి ఆ మాలలను రహస్యముగా ముడిచికొని, బావినీటిలో తన నీడను చూచికొని, మరల యథాస్థానమున ఉంచును. విమర్శకులు దీనిని మధురభక్తిగా వ్యాఖ్యానింతురు. అది సత్యమే, కాని పూర్ణసత్యము కాదు. ఇందు కృతజ్ఞతాతత్త్వము కూడ కలదు.

పూవును చూడక సమర్పించువాడు విధిని నెరవేర్చును. దాని యందమును అనుభవించి, ఈ యందము తనది కాదని యెరిగి, ఇచ్చినవానికే మరల ఇచ్చువాడు కృతజ్ఞుడగును. అనుభవము లేనిచోట కృతజ్ఞతకు ఆధారము లేదు. గోద చేసినది ఈ రెండవ పని. అంతమాత్రమున రాయలు తండ్రి సేవను తక్కువ చేయలేదు. ఈ కావ్యమునకు విష్ణుచిత్తీయమను నామాంతరము కూడ కలదు. తండ్రి కట్టనిదే కూతురు ముడువలేదు.

ఈ భావమునకు కావ్యావతారికయే సాక్ష్యము. శ్రీకాకుళాంధ్రవిష్ణువు రాయలకు స్వప్నమున సాక్షాత్కరించి, మునుపు ఒక మగవాడిచ్చిన దండను తాను గ్రహించితిననియు, ఆ కొరత తీరునట్లు, దాల్చిన మాలనిచ్చిన కన్యతో రంగమున జరిగిన తన పెండ్లిని చెప్పుమనియు ఆదేశించును. ఎవరును ముట్టని శుద్ధి కంటె, ప్రేమతో అనుభవించి యిచ్చుటయే ఆయనకు ప్రియమైనది.

ఇరువదవ శతాబ్దిలో కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపము దీనికి విరుద్ధముగా తోచును. అందు పూజకై పూలు కోయబోయిన భక్తుడు వాని మొర విని రిక్తహస్తములతో మరలును. దీనిని కేవల భావుకతయని త్రోసివేయుట న్యాయము కాదు. గోద పూవు నడుగలేదు. ఆ ప్రశ్న నడిగినది కరుణశ్రీ కవిత. పూవును పూజాసాధనముగా మాత్రమే చూడరాదను అంశమున ఇరువురు కవులును ఏకీభవింతురు. అయితే కరుణ చేతిని ఆపును. కృతజ్ఞత చేతిని చాపును. పుష్పవిలాపము చూచుట నేర్పగా, ఆముక్తమాల్యద చూచి యిచ్చుట నేర్పినది. రెండింటిని కలిపి చదివిననే పాఠము పూర్తియగును.

స్వప్నమున స్వామి తనను తెలుగురాయనిగా చెప్పికొని, కవిని కన్నడరాయా యని సంబోధించును. స్వామి కృష్ణాతీరవాసి, కవి నేటి కర్ణాటకమునందలి విజయనగరమున ఏలినవాడు, కథ తమిళదేశమునందలిది. కనుక తెలుగునాటి వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ కావ్యము పరాయిచోట పుట్టినది కాదు. వారింట భాష కూడ అట్టి మాలయే. పెట్టెలో దాచిన మాల వాడిపోవును. ముడిచికొని, దాని సౌరభమును అనుభవించి, తరువాతి తరమునకు అందించినపుడే అది కట్టియిచ్చిన పూర్వుల ఋణము కొంతయైన తీరును.